వివక్ష ఫిర్యాదు వచ్చాక, రాకముందు: విశ్వవిద్యాలయ సిబ్బంది చేయవలసిన పనులు

మీ విశ్వవిద్యాలయంలో సమానత్వ చట్టాలు అమలవుతున్నాయో లేదో తెలుసుకోవాలంటే నోటీసు బోర్డు మీది కమిటీల పట్టిక చూడకండి. తపాలా విభాగానికి వెళ్లి, గత విద్యా సంవత్సరంలో వివక్ష గురించి విద్యార్థులు ఇచ్చిన ఫిర్యాదుల ఇన్‌వార్డు నంబర్లు, అంటే వచ్చిన ప్రతి కాగితానికి వేసే వరుస సంఖ్యలు, అడగండి. "అలాంటివేమీ రాలేదు సార్" అని జవాబు వస్తే సంతోషించకండి. వేలమంది చదివే చోట ఒక్క కాగితమూ రాలేదంటే, ఇచ్చినా లాభం లేదని పిల్లలు ఎప్పుడో నిర్ణయించుకున్నారనే నేను అనుకుంటాను.

నేను అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయం పరిపాలన భవనంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, అకడమిక్, పరీక్షలు, హాస్టళ్లు ఇలా అన్ని సెక్షన్లూ తిరిగి, డిప్యూటీ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో కళాశాలల వాళ్లు పిలిస్తే వెళ్లి, కొత్తగా వివక్ష నిరోధక అధికారిగానో అంతర్గత కమిటీ సభ్యులుగానో నియమితులైన వారికి పని ఎలా మొదలుపెట్టాలో చెబుతుంటాను. ప్రొఫెసర్లు చట్టం చదువుకోగలరు, ఫైలు ఎలా నడుస్తుందో వారికి చెప్పేవారుండరు. సెక్షన్ వాళ్లకు ఫైలు తెలుసు, చట్టం పుస్తకం వాళ్ల బల్ల మీదికి రాదు. ఈ రెండింటి మధ్య నలిగేది మడకశిర నుంచో, కోసిగి నుంచో, ఆత్మకూరు దగ్గరి చెంచు గూడెం నుంచో వచ్చిన పిల్లలు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఏ చట్టం దేనికి

రాజ్యాంగంలోని 14 నుంచి 17 వరకు అధికరణలు అన్నిటికీ ఆధారం. వాటిలో 15(4) పుట్టుక మన ప్రాంతం వాళ్లు తెలుసుకోదగినది. కళాశాల సీట్లను కులాలవారీగా పంచిన మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవోను 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని 15(4)గా చేర్చారు. రిజర్వేషన్ ఎవరో దయతో ఇచ్చిన రాయితీ అన్నట్టు మాట్లాడే ఉద్యోగికి ఈ చరిత్ర ఓపికగా చెప్పండి.

రోజువారీ పనికి కావలసినవి ఇవి. కులం, మతం, భాష, జాతి, లింగం, వైకల్యం ఆధారంగా వివక్ష చూపకూడదని చెప్పే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012 నిబంధనలు మొదటిది. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి అన్నవి ఇందులోంచే వచ్చాయి. కుల వివక్ష ఆరోపణల నడుమ ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు రోహిత్ వేముల, పాయల్ తడ్వీ. రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబేదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ నిబంధనలు కాగితం మీదే మిగిలిపోయాయన్న బాధతోనే. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి 2012 నిబంధనలే కొనసాగాలని చెప్పింది. కాబట్టి ఏ ఉత్తర్వు రాసేటప్పుడైనా ఆ రోజుకు ఏది అమల్లో ఉందో చూసుకుని రాయండి.

లైంగిక వేధింపులకు 2013 చట్టం, దానికి తోడు విద్యాసంస్థల కోసం యూజీసీ 2015లో ఇచ్చిన నిబంధనలు. దివ్యాంగులకు 2016 హక్కుల చట్టం. ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు వారిని మూడో లింగంగా గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు, 2019 చట్టం. ఎస్సీ, ఎస్టీల మీద అవమానం, దాడి అయితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం. ర్యాగింగ్‌కు మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టముంది, 2009 యూజీసీ నిబంధనలు దానికి అదనం. మార్కులు, ఫీజులు, సర్టిఫికెట్ల గొడవలకు 2023 నాటి విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. ఇవన్నీ ప్రింటు తీసి ఒకే బైండు చేయించి, తపాలా విభాగంలో ఒకటి, ప్రతి వార్డెను దగ్గర ఒకటి పెట్టండి. తెలుగు సారాంశం ముందు పేజీల్లో ఉండాలి. కర్నూలు, కడపల్లో ఉర్దూలో, రాయదుర్గం, మడకశిర వైపు పిల్లలున్న చోట కన్నడంలో కూడా. భాష కూడా వివక్షకు ఒక కారణమని ఆ నిబంధనలే గుర్తించినప్పుడు, ఆ నిబంధనల గురించిన నోటీసు ఒక్క ఇంగ్లీషులోనే ఉండటం న్యాయం కాదు.

కాగితం చేతికి వచ్చిన క్షణం

ఇక్కడే ఎక్కువ కేసులు చచ్చిపోతాయి, అందుకే ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను.

ఒక అమ్మాయి ఫిర్యాదు పట్టుకుని కిటికీ దగ్గరికి వస్తుంది. లోపలున్న ఉద్యోగి చెడ్డవాడేమీ కాదు. "ఎందుకమ్మా కాగితం, హెచ్‌ఓడీ గారితో మాట్లాడుకో, పరీక్షలు దగ్గర పడ్డాయి" అంటాడు. అతని ఉద్దేశంలో అది మంచి సలహా. చట్టం దృష్టిలో మాత్రం ఆ నిమిషంలో సంస్థ తన విధిని నిరాకరించింది. ఆ అమ్మాయి ఊరికెళ్లి నాన్నతో చెబితే, ఆయన గుంటూరు మిరప తోటల్లో కూలికి వెళ్లిన మనిషి అయితే, మళ్లీ అనంతపురం వచ్చి అడిగే తీరిక ఆయనకు ఉండదు. అక్కడితో ఆ విషయం ముగిసిపోతుంది.

కాబట్టి మీ మొదటి సర్క్యులర్ ప్రొఫెసర్లకు కాకుండా తపాలా విభాగానికి వెళ్లాలి. అందులో ఈ మాటలు ఉండాలి: ఫిర్యాదు ఏ భాషలో ఉన్నా, ఏ సైజు కాగితం మీద ఉన్నా తీసుకోవాలి. చదివి సరైనదో కాదో చెప్పే పని తపాలా ఉద్యోగిది కాదు. ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేసిన రసీదు అప్పటికప్పుడే ఇవ్వాలి. "వివక్ష" లేదా "లైంగిక వేధింపు" అన్న మాట కనిపిస్తే కవరు మూసి, సాధారణ తపాలాతో కలపకుండా అదే రోజు సంబంధిత అధికారి చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇన్‌వార్డు రిజిస్టరులో విషయం దగ్గర "గోప్యం" అని మాత్రమే రాయాలి. రిజిస్టరు అందరి కళ్లబడేది, అక్కడ పేరూ విషయమూ రాస్తే మధ్యాహ్నం టీ వేళకల్లా క్యాంటీన్ దాకా వెళ్తుంది.

చదవడం రాయడం ఇబ్బందైన తల్లిదండ్రులు వస్తే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆఫీసు భాషలోకి మార్చకండి. "మా పిల్లను బెంచీ మీంచి లేపి కింద కూర్చోబెట్టినారు" అని తండ్రి చెబితే, "సీటింగ్ విషయంలో అసౌకర్యం కలిగినట్లు" అని రాసిన కాగితం చూశాను. ఆ వాక్యంలో జరిగిన అవమానం మాయమైపోయింది.

ఈమెయిల్లో వచ్చినా, వాట్సాప్‌లో వచ్చినా ప్రింటు తీసి అదే నంబర్ల వరసలో పెట్టండి. పేరు లేని ఉత్తరాల మీద విచారణ నడపడం కష్టమే. అయినా చించేయకండి. ఒకే హాస్టల్ గురించి, ఒకే ల్యాబ్ గురించి పేరు లేని ఉత్తరాలు మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడికి వెళ్లి చూడవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఏ కాగితం ఎవరికి

అన్నీ ఒకే కమిటీకి పంపడం పెద్ద చిక్కు. కులం, మతం, భాష కారణంగా జరిగిన వివక్ష వివక్ష నిరోధక అధికారికి వెళ్లాలి. 2012 నిబంధనల ప్రకారం 60 రోజుల్లో తేల్చాలి, ఆ నిర్ణయం మీద 90 రోజుల్లోగా సంస్థాధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. లైంగిక వేధింపు అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఒక్కదానికే. మరే కమిటీ "ముందు మేం ఒకసారి మాట్లాడతాం" అని మధ్యలో దూరకూడదు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. దివ్యాంగుల ఫిర్యాదులకు 2016 చట్టం 23వ సెక్షన్ కింద ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయన దగ్గర వేరే రిజిస్టరు ఉండాలి. ట్రాన్స్‌జెండర్ చట్టం కూడా ఫిర్యాదు అధికారిని నియమించమంటుంది.

ఫీజు, ఫలితాలు, సర్టిఫికెట్లు లాంటివి విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి వెళ్తాయి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. విద్యార్థికి తృప్తి కలగకపోతే 15 రోజుల్లో అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లవచ్చు. ర్యాగింగ్ అయితే కమిటీతో పాటు జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు ప్రతి హాస్టల్ గది తలుపు వెనక అంటించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి నంబరు రాసుకోవాలంటే జూనియర్‌కు భయం, సీనియర్లు చూస్తుంటారు. తలుపు వెనక అయితే ఎవరూ చూడరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని కులం పేరుతో నలుగురిలో అవమానించడం, కొట్టడం లాంటివి జరిగితే అది నేరం. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి. "లోపల విచారణ నడుస్తోంది, పోలీసుల దగ్గరికి ఇప్పుడే వద్దు" అని విద్యార్థికి చెప్పే హక్కు రిజిస్ట్రారుకూ లేదు, వీసీకీ లేదు. రెండు దారులూ ఏకకాలంలో నడవవచ్చు. ఈ చట్టం కింద తాను చేయవలసిన పనిని ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉందని 4వ సెక్షన్ చెబుతుంది. శిక్షణల్లో ఈ సెక్షన్ చదివినప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. భయపెట్టడానికి చదవను. తమ సంతకానికి ఎంత బరువుందో వాళ్లకు తెలియాలని చదువుతాను.

అంతర్గత కమిటీని సరిగ్గా కట్టడం

లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే ఈ కమిటీకి అధ్యక్షురాలు మహిళే, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, బయటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ సభ్యురాలు లేదా ఈ విషయాలు తెలిసిన వ్యక్తి. విషయంలో విద్యార్థులుంటే ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి. డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయుల నుంచి ఒక్కొక్కరు, అదీ ఎన్నికైనవారు. హెచ్‌ఓడీ పేరు చెప్పిన ఇష్టుడైన విద్యార్థిని తెచ్చి కూర్చోబెడితే చెల్లదు. మొత్తం సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు. వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ లాంటి పదవుల్లో ఉన్నవారు సభ్యులు కాకూడదని 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మన జిల్లాల్లో ఈ ఒక్క నియమాన్నే ఎక్కువగా తప్పుతారు. "పెద్దవాళ్లు ఉంటే కమిటీకి బలం" అనుకుంటారు. ఆ పెద్దవాళ్ల మీదే ఫిర్యాదు వస్తే ఆ అమ్మాయి ఎవరి ముందు కూర్చోవాలి?

విచారణ ముగిసేదాకా ఊరికే చూస్తూ ఉండనక్కర్లేదు. ఆరోపణ ఎదుర్కొంటున్న అధ్యాపకుడు ఆమె జవాబు పత్రాలు దిద్దకుండా, ఆమె పరిశోధనను మదింపు చేయకుండా ఆపవచ్చు. ఆమెకు మూడు నెలల దాకా సెలవు సిఫారసు చేయవచ్చు. ఇద్దరిలో ఒకరిని వేరే విభాగానికి మార్చవచ్చు. మార్చవలసి వస్తే ఎవరిని మార్చాలన్న దగ్గర నా అభిప్రాయం ఇది: ఫిర్యాదు చేసిన అమ్మాయిని హాస్టల్ గది ఖాళీ చేయించి, గైడును మార్చి, అదే రక్షణ అని పేరు పెట్టకండి. ఆమె కోరితే తప్ప ఆమెను కదిలించకూడదు.

ఎదుటి పక్షానికి కూడా న్యాయం జరగాలి. ఫిర్యాదు ప్రతిని ఏడు రోజుల్లో ఇవ్వండి, జవాబుకు పది రోజులు ఇవ్వండి, సాక్షుల పేర్లు అడగండి, ఆయన చెప్పింది పూర్తిగా రాయండి. రుజువు కానంత మాత్రాన ఫిర్యాదు దురుద్దేశంతో చేసిందని అనుకోకూడదని చట్టమే అంటుంది. "అబద్ధమని తేలితే నీ మీద చర్య" అని ఫిర్యాదు ఫారం మీదే పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కళాశాలను చూశాను. ఆ వాక్యం వెంటనే తీయించండి.

ఫిర్యాదు రాకముందే: క్లాసు, ల్యాబు, మెస్సు

వివక్ష చాలాసార్లు తిట్టు రూపంలో రాదు. మామూలు పనుల్లో కలిసిపోయి ఉంటుంది. 2012 నిబంధనల్లో ఒక జాబితా ఉంది, అది రాసినవారు నిజంగా తరగతి గదులు చూసినవారే అనిపిస్తుంది: క్లాసులో కులం పేరు బయటికి చదవడం, "రిజర్వేషన్ వాళ్లు" అని ముద్ర వేయడం, తక్కువ మార్కులకు కులాన్నో ప్రాంతాన్నో కారణంగా చూపడం, ల్యాబులో పని ఇవ్వకుండా కూర్చోబెట్టడం, అధ్యాపకుణ్ణి కలవడానికి వేరే సమయం పెట్టడం, హాస్టల్లో, మెస్సులో, గ్రంథాలయంలో విడిగా ఉంచడం, ఫెలోషిప్ ఆపడం, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకపోవడం. ఆ జాబితా చేతిలో పట్టుకుని ఒక వారం ప్రాంగణం తిరగండి.

క్లాసుతో మొదలుపెట్టండి. ఉపకార వేతనాల సమయంలో ఎవరో అటెండరు జాబితా తెచ్చి "ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ పిల్లలు లేవండి" అంటాడు. మొదటి ఏడాది పిల్లలు ఆ రోజుతో విడిపోతారు. ఆ తర్వాత బెంచీలు కూడా అలాగే విడిపోతాయి. మానడం చాలా సులువు. జ్ఞానభూమి పోర్టల్లో వివరాలు లేని వారి హాల్‌టికెట్ నంబర్లు మాత్రమే బోర్డు మీద పెట్టి, సెక్షన్‌కు ఒక్కొక్కరినీ రమ్మనండి. కులం కాలమ్ ఉన్న ఏ జాబితా క్లాసులోకి రాకూడదని ఒక సర్క్యులర్ చాలు.

ల్యాబులో రిజిస్టరు చూడండి. పరికరాల వాడకం పుస్తకంలో ఏ విద్యార్థికి ఎన్ని గంటలు దొరికాయో కూడండి. ఒక పరిశోధక విద్యార్థికి సెమిస్టర్ మొత్తం రాత్రి వేళలే రాసి ఉంటే, గైడును అడగండి. జవాబు సరైనదే కావచ్చు. అడిగారన్న సంగతి తెలిస్తేనే తర్వాతి నెల రిజిస్టరు మారుతుంది.

మార్కుల విషయంలో నేను ఎప్పుడూ పట్టుబట్టేది ఒకటుంది. పేరు కనిపించకుండా దిద్దిన థియరీ మార్కులనూ, ముఖం చూసి వేసిన వైవా, ఇంటర్నల్ మార్కులనూ సెమిస్టర్‌కు ఒకసారి పక్కపక్కన పెట్టి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ వారీగా సగటు తీయించండి. పరీక్షల విభాగం కంప్యూటర్‌లో ఇది చిన్న పని. థియరీలో దగ్గరదగ్గరగా ఉన్న పిల్లలు ఒకే ఒక పరీక్షకుడి వైవాలో దూరమైపోతే కారణం వెతకాలి. ఇలా చూసినంతలో ఎవరి మీదా తప్పు రుజువు కాదు. అయితే సంస్థ చూస్తోందని అందరికీ తెలుస్తుంది. ఈ లెక్క వీసీకి, సమాన అవకాశాల విభాగానికి మూసిన కవరులో వెళ్లాలి, బోర్డు మీదికి కాదు.

మెస్సుకు పగలు వెళ్లకండి, రాత్రి భోజనానికి ముందుగా చెప్పకుండా వెళ్లండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, వడ్డించే వాళ్లు చెంబు ఎలా అందిస్తున్నారు, నీళ్ల దగ్గర వరసలో ఎవరు ఆగిపోయారు చూడండి. సంగటి ముద్దలు ఒకే గంగాళం నుంచి వస్తున్నాయా? శాకాహారం, మాంసాహారం వంటలు వేరుగా ఉండటం ఒక విషయం, దాని పేరుతో మనుషుల బల్లలు వేరు కావడం మరో విషయం. రెండోది నడవనివ్వకూడదు. గదుల కేటాయింపు కూడా లాటరీతోనో, చేరిన వరుసతోనో జరగాలి. "మా వాళ్లతోనే వేయండి సార్" అన్న కోరికలు మొదటి ఏడాదిలో ఒప్పుకోకండి.

ఇక సర్టిఫికెట్లు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని విద్యార్థి టీసీ, మార్కుల జాబితాలు ఆపడం మన జిల్లాల్లో ఎంతమంది బతుకులను ఆపిందో నాకు తెలుసు. ఉద్యోగానికి పిలుపు వచ్చి, ఒరిజినల్ లేక వెనుదిరిగిన పిల్లలు నా బల్ల ముందు నిలబడ్డారు. బకాయి సంస్థకూ ప్రభుత్వానికీ మధ్యది. దాని కోసం విద్యార్థి పత్రాన్ని పట్టుకోకూడదు. ఇతర ఫీజు బాకీ ఉన్నా ఒరిజినల్స్ బిగపట్టుకోవడాన్ని యూజీసీ ఒప్పుకోదు, పరిశీలించి అప్పుడే తిరిగి ఇచ్చేయమంటుంది.

ప్రవేశాల జాబితా

మన రాష్ట్రంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం. బీసీల్లో ఏ 7, బీ 10, సీ 1, డీ 7, ఈ 4. 2025లో ఎస్సీ వర్గీకరణ వచ్చాక ఆ 15ను 1, 6.5, 7.5గా మూడు గ్రూపులకు పంచారు. ఆర్థికంగా వెనుకబడినవారికి (ఈడబ్ల్యూఎస్) 10 శాతం వేరు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన స్థానికత లెక్క కూడా దీనికి కలుస్తుంది. కేంద్ర సంస్థల లెక్క వేరు: ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ఈడబ్ల్యూఎస్ 10. అనంతపురంలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలూ కేంద్రీయ విశ్వవిద్యాలయమూ రెండూ ఉన్నాయి కాబట్టి విద్యార్థులు తికమక పడతారు. ప్రకటనలోనే ఏ చట్టం ప్రకారమో రాయండి. ఆదోని, పత్తికొండ వైపు బోయ పిల్లలు మన దగ్గర బీసీ-ఏ కిందికి వస్తారు, విశాఖ మన్యంలో వాల్మీకులు ఎస్టీలు. కుల ధ్రువీకరణ పత్రం మీద ఏముందో అదే నమోదు చేయాలి, గుమస్తా ఊహ కాదు.

జాబితా తయారీలో ఎక్కువగా తప్పేది వరుస క్రమంలో. మొదట ఓపెన్ సీట్లు నింపాలి, అదీ కులం చూడకుండా ర్యాంకు ప్రకారం. వంద సీట్లున్నాయనుకుంటే, 50 ఓపెన్ సీట్లలో ర్యాంకుతో 7 బీసీ, 3 ఎస్సీ పిల్లలు వస్తే వాళ్లను ఓపెన్‌లోనే లెక్కించాలి, వాళ్ల వల్ల 29లోనూ 15లోనూ ఒక్క సీటూ తగ్గకూడదు. ఆ తర్వాతే రిజర్వుడు సీట్లు. ఓపెన్ అన్నది ఓసీల కోటా కాదని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ విడమరిచి చెప్పింది. మహిళల మూడో వంతు, దివ్యాంగుల 5 శాతం అన్ని వర్గాల లోపలా అడ్డంగా వెళ్లే రిజర్వేషన్లు. ప్రతి వర్గం లోపల ర్యాంకుతో ఇప్పటికే వచ్చిన అమ్మాయిలను లెక్కించి, మూడో వంతుకు తక్కువైతేనే కింద నుంచి చేర్చాలి. జాబితా ప్రకటించేటప్పుడు ర్యాంకు, వర్గం, ఏ కోటాలో సీటు వచ్చిందో మూడూ చూపించండి. విద్యార్థి ఇంట్లో కూర్చుని తానే సరిచూసుకోగలగాలి. అది సాధ్యమైన చోట కోర్టు కేసులు తగ్గుతాయి.

పీహెచ్‌డీ సీట్లలో మరింత జాగ్రత్త. గైడులు ఒక్కొక్కరు ఒక్కో సీటు చొప్పున ప్రకటిస్తే రోస్టర్, అంటే ఏ వరుస సీటు ఏ వర్గానికో చెప్పే పట్టిక, ఎప్పటికీ తిరగదు. విభాగాల సీట్లన్నీ కలిపి రోస్టర్ రిజిస్టరులో ఎక్కించండి. పెన్నుతో రాసిన పాత రిజిస్టరును సెక్షన్ సూపరింటెండెంట్ మాత్రమే చదవగలిగే స్థితి ఉండకూడదు.

దివ్యాంగ విద్యార్థులు

40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, ఐదేళ్ల వయసు సడలింపు 32వ సెక్షన్ ఇచ్చిన హక్కు. 2016 చట్టంలో వైకల్యాలు 21. కళ్లు, కాళ్లు మాత్రమే కాదు. తలసేమియా, డిస్లెక్సియా, మానసిక అస్వస్థత కూడా ఉన్నాయి. దరఖాస్తులో "అంధులు, బధిరులు, శారీరక" అన్న పాత మూడు గడుల ఫారం ఇంకా వాడుతుంటే ఈ రోజే మార్చండి.

ఒక వీల్‌చైరు తీసుకుని బస్టాపు నుంచి బయలుదేరండి. పరిపాలన భవనం, మీ విభాగం, గ్రంథాలయం, పరీక్ష హాలు, మరుగుదొడ్డి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ గుర్తు పెట్టండి. ర్యాంప్ వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. నిటారుగా కట్టిన ర్యాంప్ మీద కుర్చీ వెనక్కి జారుతుంది. ర్యాంప్ మీద స్కూటర్లు పెట్టనివ్వకండి. మన పాత భవనాల్లో లిఫ్టు పెట్టడానికి నిధులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, అంతవరకు ఆగనక్కర్లేదు. ఆ విద్యార్థి ఉన్న క్లాసును కింది అంతస్తుకు దించండి. టైంటేబుల్ మార్చడానికి నిధులు అక్కర్లేదు, ఒక్క సంతకం చాలు. ఇంత సులువైన పనికి కూడా ఏళ్ల తరబడి పిల్లలను తోటివాళ్లు మోసుకెళ్లడం చూసి నాకు చాలా కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

పరీక్షల్లో తాను చెబితే రాసిపెట్టే స్క్రైబు కావాలన్న విద్యార్థికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఒక గంట. హాలు పర్యవేక్షకుడికి ఇది ముందే రాతపూర్వకంగా వెళ్లాలి. "టైమైపోయింది" అని పేపరు లాక్కున్నాక దిద్దుబాటు ఉండదు. చేతికి రాయలేని ఇబ్బంది ఉండి 40 శాతం సర్టిఫికెట్ లేని విద్యార్థికి కూడా స్క్రైబును నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైకల్య శాతాన్ని చూపే సదరం సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వాదించే పరీక్షల సెక్షన్‌కు ఆ తీర్పు ప్రతి ఇవ్వండి.

సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రచురించాలని, రాష్ట్ర కమిషనర్ దగ్గర నమోదు చేయాలని 21వ సెక్షన్ అంటుంది. వేరే సంస్థ విధానం కాపీ కొట్టి పేరు మార్చకండి. మీ ప్రాంగణంలో ఏ భవనానికి ఏముందో, ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో వస్తుందో అందులో ఉండాలి.

పెళ్లయిన, తల్లులైన పరిశోధక విద్యార్థినుల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది, మహిళలకూ 40 శాతం పైబడిన దివ్యాంగులకూ గడువులో రెండేళ్ల సడలింపు ఉంది. ఇది గైడు దయతో ఇచ్చేది కాదు, రిజిస్ట్రేషన్ ఉత్తర్వులోనే రాసి ఇవ్వండి. ట్రాన్స్‌జెండర్ విద్యార్థి జిల్లా మేజిస్ట్రేటు గుర్తింపు పత్రం తెస్తే రికార్డుల్లో పేరు, లింగం మార్చే ఫైలు కూడా అలాగే ఒక నిర్ణీత నమూనాతో నడవాలి. ప్రతిసారీ "పైకి పంపి అడుగుదాం" అంటే ఆ విద్యార్థి ప్రతి కిటికీ దగ్గరా తన కథ మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.

ఉత్తర్వు రాయడం

విచారణ ముగిశాక వచ్చే ప్రొసీడింగ్స్ చాలాచోట్ల రెండు వాక్యాలతో ముగుస్తుంది: "ఇరుపక్షాలనూ విచారించడమైనది. విషయం సామరస్యంగా పరిష్కరించడమైనది." ఇది ఉత్తర్వు కాదు. ఫిర్యాదులోని ఒక్కో ఆరోపణకు ఒక్కో పేరా ఉండాలి. ఏం అన్నారు, ఎవరు చూశారు, ఏ రిజిస్టరు, ఏ మెసేజ్, ఏ సీసీ కెమెరా దృశ్యం చూశాం, దాన్నిబట్టి ఏం నమ్మాం, ఎందుకు నమ్మాం. రుజువు కాని ఆరోపణ గురించి కూడా ఎందుకు రుజువు కాలేదో రాయాలి. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి కాబట్టి ఫిర్యాదు వచ్చిన రోజే భద్రపరచమని లేఖ ఇచ్చి, దాని ప్రతి ఫైలులో ఉంచండి.

ఉత్తర్వు ఇద్దరికీ ఒకే రోజు వెళ్లాలి. లైంగిక వేధింపుల కేసు అయితే పేర్లు, నివేదిక బయటికి రాకూడదు, సమాచార హక్కు దరఖాస్తుకు కూడా ఆ వివరాలు ఇవ్వకూడదు. చివరి పేరాలో అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ గదిలో ఇవ్వాలో తేదీతో సహా రాయండి. ఉదాహరణకు "ఈ ఉత్తర్వు అందిన నాటి నుంచి 90 రోజులు" అని వదిలేయక, ఆ 90వ రోజు ఏ తేదీకి వస్తుందో లెక్కకట్టి ఆ తేదీనే అచ్చువేయండి. తెలుగు ప్రతి జతచేయండి. అందినట్టు సంతకం తీసుకుని, ఆ కాగితాన్ని మొదటి రోజు వేసిన ఇన్‌వార్డు నంబరు ఉన్న ఫైలులోనే పెట్టండి.